ఒకే గీతతో కొట్టివేత

మే 5, సోమవారం

ఈ పుస్తకం మొదలుపెట్టడానికి కారణం ఒకటే. ఈ రోజు ఒక కాగితం మీద తప్పు అంకెలు వేయబోతున్నాను. సరైన అంకెలు ఎక్కడో ఒకచోట ఉండాలి.

ఆ కాగితం ఆడవాళ్ళ డాక్టరు ఇచ్చింది. ఐదు గళ్ళున్నాయి: సమయం, ఎంత తాగారు, మూత్రం ఎంత వచ్చింది, బట్టల్లో పడిందా, పడినప్పుడు ఏం చేస్తున్నారు. మూడు రోజులు నింపి తెమ్మంది. గళ్ళు బాగానే గీశారు కాని కొలమానం రాయడం మరిచిపోయారు. మి.లీ. అని నేనే చేర్చాను.

ఇంట్లో రక్తపోటు చూపించుకోవడానికి వెళ్తున్నానని చెప్పాను. అక్కడ రక్తపోటు కూడా చూశారు, కనుక అబద్ధం కాదు.

డాక్టరు బల్ల ఎక్కమంది, లోపల పరీక్ష చేయాలంది. ఈసారికి వద్దన్నాను. మూత్రానికి వెళ్ళి వచ్చాక మూత్రసంచిలో ఎంత మిగిలిందో స్కానింగులో చూడాలంది. అదీ తర్వాత అన్నాను. ఆమె పట్టుబట్టలేదు. పట్టుబట్టవలసింది.

ఆ గదిలో నర్సు నా పాత విద్యార్థిని. ముప్పై ఒక్క ఏళ్ళు రసాయన ప్రయోగశాలలో పాఠం చెప్పాను. పక్క పిల్ల పుస్తకంలోంచి రీడింగులు దించినందుకు ఈ అమ్మాయి చేత ‘చూసిందే రాస్తాను’ అని వందసార్లు రాయించాను. ఇప్పుడు నలభై దాటాయి, ముందు జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి నిలబడింది. "చార్టు నాకే ఇవ్వాలి టీచర్. మీ రీడింగులకి వంక పెట్టేవాళ్ళు ఎవరున్నార్లెండి" అంది.

అందుకని.

ఈ రోజు బట్టల్లో పడినవి: నాలుగుసార్లు. చార్టులో: ఒకటి. తుమ్మినప్పుడు అని రాశాను.

మే 6, మంగళవారం

జరిగింది వరుసగా రాస్తాను.

బడికి సెలవులు. అబ్బాయి గ్యాసు ప్లాంటులో, కోడలు కళ్ళజోళ్ళ షాపులో. పగలంతా ఇంట్లో నేనూ మనవరాలూ. దానికి ఏడేళ్ళు. కూర్చోబెట్టిన చోట కూర్చోదు కాబట్టి బొంగరం అంటాం. సెలవులు వృథా కాకుండా దానికో పని పెట్టాను. బాల్కనీలో థర్మామీటరు కట్టి, పన్నెండింటికీ మూడింటికీ ఉష్ణోగ్రత చూసి పరిశీలన పుస్తకంలో రాయాలి. రబ్బరు వాడకూడదు. తప్పు పడితే ఒకే గీతతో కొట్టేయాలి, కింద రాసింది చదవగలిగేలా ఉండాలి, పక్కన నా పొడి సంతకం ఉండాలి. ప్రయోగశాలలో పద్ధతి అదే.

రెండింటికి ఇద్దరం నా మంచం మీద పడుకున్నాం. మూడింటికి పది నిమిషాల ముందు మెలకువ వచ్చింది. నా కింద పరుపు తడిసి ఉంది. తడి అవతలికి పాకి పిల్ల గౌను అంచును అందుకుంది. బొంగరాన్ని లేపి, వెళ్ళి థర్మామీటరు చూసి రమ్మన్నాను. నేను స్నానాల గదిలోకి వెళ్ళి చీర మార్చుకున్నాను. పిల్ల తన పని ముగించి వచ్చి మళ్ళీ పడుకుంది. షాపులో కరెంటు పోయిందని కోడలు పెందలాడే వచ్చింది. పరుపు చూసింది, గౌను చూసింది.

"ఏంటే ఇది, ఏడేళ్ళొచ్చాక" అంది.

పిల్ల నా ముఖం చూసింది. కోడలు నా వైపు తిరిగి, మీ పక్కంతా పాడుచేసింది అత్తయ్యా, అని నొచ్చుకుంది.

పోనీలే, చిన్నపిల్ల, అన్నాను.

ఎవరు తడిపారని నన్ను ఎవరూ అడగలేదు. రేపు చెబుతాను.

సాయంత్రం పరిశీలన పుస్తకం దిద్దాను. మూడు గంటలకు 40 డిగ్రీలు. వ్యాఖ్య గడిలో ఉష్ణోగ్రతకు సంబంధం లేని సంగతి రాసింది. అనవసరం అని చెప్పి కొట్టేయించాను.

బట్టల్లో పడినవి, పరుపుతో కలిపి: ఐదు. చార్టులో: ఒకటి.

మే 7, బుధవారం

మూడు. చార్టులో సున్నా.

కోడలికి షాపులో సరుకు లెక్కింపు, అలసి వచ్చింది. రేపు చెబుతాను.

మే 8, గురువారం

చార్టు ఇచ్చాను. మూడు రోజులకు రెండు. అసలు లెక్క పన్నెండు.

నర్సు చార్టు చూసి, ఇంత శుభ్రంగా నింపినవాళ్ళు లేరు టీచర్, అంది. డాక్టరు కూడా మెచ్చుకుంది. ఈ మాత్రానికి మందులక్కర్లేదు, కింది కండరాలు బిగబట్టి పది లెక్కపెట్టి వదలండి, పూటకు పదిసార్లు చేయండి, కాఫీ తగ్గించండి, రెండు నెలలయ్యాక రండి అంది. లేవబోతుంటే మళ్ళీ అడిగింది: కింద ఏదైనా జారినట్టు, బరువుగా ఉంటుందా అని. లేదన్నాను.

సాయంత్రానికి నిమ్మకాయంత కిందికి దిగుతుంది. పడుకుంటే లోపలికి పోతుంది. అబ్బాయి పుట్టినప్పటి నుంచీ ఉంది, అంటే ముప్పై ఆరేళ్ళు. అన్నేళ్ళుగా ఉన్నదాన్ని ఇబ్బంది అని ఎలా అంటాను.

మే 10, శనివారం

మళ్ళీ జరిగింది. బొంగరానికి హాల్లో వేరే మంచం వేసి, రబ్బరు షీటు కొని పరిచారు. కాని మధ్యాహ్నం ఉక్కకు నా గదిలో ఫ్యాను కిందికి వచ్చి పడుకుంది. లేచేసరికి అదే కథ. రెండో శనివారం కాబట్టి అందరూ ఇంట్లోనే ఉన్నారు.

అబ్బాయి తమాషా మనిషి. మొన్నటి నుంచీ పొద్దున్నే, మా ఇంట్లో వాన పడిందా, ఎన్ని సెంటీమీటర్లు, అని పిల్లను అడుగుతున్నాడు. మొదటి రోజు అది నవ్వింది. ఈ రోజు నవ్వలేదు.

కోడలు షాపు యజమానురాలిని సలహా అడిగిందట. పన్నెండు దాటాక నీళ్ళు ఇవ్వకూడదని, పొద్దున్న కూడా కొలిచే ఇవ్వాలని ఆవిడ చెప్పిందట. పగలు పిల్ల ఉండేది నా దగ్గర.

"మీరైతే కచ్చితంగా చూస్తారు అత్తయ్యా. నేనైతే అది మొహం అలా పెట్టగానే ఇచ్చేస్తాను" అంది కోడలు.

సరేనన్నాను.

రేపు చెబుతాను అని పై పేజీల్లో రెండుసార్లు రాశాను. ఇప్పుడే చదివాను.

మే 12, సోమవారం

బొంగరం నీళ్ళు: ఉదయం ఏడున్నరకు 150. పదింటికి 100. పన్నెండింటికి 100. నాలుగింటికి గొంతు తడుపుకోవడానికి 50. మొత్తం 400 మి.లీ. బడి నుంచి తెచ్చుకున్న కొలజాడీ ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

ఉష్ణోగ్రత 41.

పిల్ల పక్క పొడిగా ఉంది. పద్ధతి పనిచేస్తోందని కోడలు సంతోషించింది.

నాకు ఆరుసార్లు. పాత చీరలు చింపి మడతలు పెట్టుకుంటున్నాను. బాత్రూమ్‌లో బకెట్టు వెనకాల ఉతికి, పైన కండువా కప్పి ఆరేస్తున్నాను. పది లెక్కపెట్టే వ్యాయామం క్రమం తప్పకుండా చేస్తున్నాను. మార్పు లేదు. గంటకోసారి వెళ్తున్నా 60, 70 కంటే రావడం లేదు. లేచి రెండడుగులు వేస్తే మళ్ళీ పడుతోంది.

మే 13, మంగళవారం

నాలుగింటికి జాడీలో నీళ్ళు పోస్తుంటే బొంగరం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.

"కన్ను గీతకి సమంగా పెట్టు నానమ్మా. యాభై లేవు" అంది.

వంగి చూశాను. నలభై ఆరు. ఇంకో నాలుగు పోశాను.

మే 14, బుధవారం

42. నీళ్ళు 400. రాయవలసింది ఇంకేమీ లేదు.

మే 16, శుక్రవారం

మూడోసారి. ఈసారి పిల్ల నా పక్కన లేదు. పరుపు తిరగేసి పెట్టాను కాని వాసన దాగలేదు. కోడలు షాపు నుంచి వస్తూనే గుమ్మంలో ఆగింది. ఈ గదిలో ఎవరు పడుకున్నారు, అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు నేను ఇవ్వాలి. నోరు తెరిచాను కూడా.

"నేనే" అంది బొంగరం.

ఈ ఇంట్లో అబద్ధానికి శిక్ష ఉంది. ఒక పూట మాటల్లేకుండా గోడ వైపు కూర్చోవాలి. ఆ నియమం పెట్టింది నేను. ఈ రోజు దాన్ని అమలు చేయలేదు.

కోడలు నాలుగింటి 50 కూడా తీసేయమంది. మొత్తం 350.

మే 18, ఆదివారం

బొంగరం తిరగడం లేదు. పొద్దున్న నుంచి సోఫాలో ముడుచుకుని ఉంది. మూత్రానికి వెళ్ళమంటే మంటగా ఉంది, తర్వాత వెళ్తా అంటోంది. నడుం పక్కన నొప్పి అంది. ఎక్కువ గెంతి ఉంటావు అన్నాను. నిన్న, మొన్న అది గెంతలేదు.

మే 19, సోమవారం

జ్వరం 103.2. రెండుసార్లు వాంతి. ఆసుపత్రి.

మే 20, మంగళవారం

మూత్రంలో చీము, కిడ్నీ దాకా పాకిందన్నారు. చేతికి సెలైను పెట్టారు. పిల్లల డాక్టరు చిన్నవాడు, నిదానస్తుడు. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతోంది అని అడిగాడు. కోడలు నా వైపు చూసింది. చేతిసంచిలోంచి నీళ్ళ లెక్క విడిగా రాసిన కాగితం తీసి ఇచ్చాను. ఒక్కో రోజూ వేలు పెట్టి చదివాడు.

ఇంత వివరంగా ఎవరు రాశారని అడిగాడు. నేను, అన్నాను.

"ఈ ఎండల్లో ఏడేళ్ళ పిల్లకి ఇది మూడోవంతు కూడా కాదమ్మా. పక్క తడిపినా సరే నీళ్ళు ఆపకూడదు. తాగక, వెళ్ళక, లోపలే నిలవపెట్టుకుంటే ఇలాగే అవుతుంది" అన్నాడు. గొంతు పెంచలేదు.

కోడలు ఏడ్చింది. నాదే తప్పు, షాపులో విని నేనే చెప్పాను అత్తయ్యకి, అంది. తప్పు తన మీద వేసుకుంది. నేను సెలైను చుక్కలు లెక్కపెడుతున్నాను. నిమిషానికి ఇరవై రెండు.

మే 22, గురువారం

జ్వరం 99.4కు దిగింది. పిల్ల ఒంటి వేడి తానే చూసుకుని పరిశీలన పుస్తకంలో రాసుకుంటోందట. పుస్తకం దిండు కింద పెట్టుకుంది. నర్సులకు ముచ్చటగా ఉంది.

పది రోజుల్లో మూడుసార్లు పక్క తడిపింది, పైగా ఇన్ఫెక్షన్ వచ్చింది కనుక ఇంకో పరీక్ష చేయాలన్నారు. మూత్రం వచ్చే దారిలోంచి సన్నటి గొట్టం పంపి, రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. మత్తు ఇవ్వరు. కదలకుండా ఇద్దరు పట్టుకోవాలి. రేపు పదింటికి. కోడలు సంతకం పెట్టింది. కలం అడిగితే నాది ఇచ్చాను.

చెప్పలేదు.

మే 23, శుక్రవారం

తొమ్మిది నలభైకి డాక్టరు వార్డులోకి వచ్చాడు. అబ్బాయి, కోడలు మంచానికి అటూ ఇటూ ఉన్నారు. ఈ పరీక్ష దేనికి అని అడిగాను. పక్క తడుపుతోంది కాబట్టి అన్నాడు. తడపకపోతే, అన్నాను. స్కానింగు బాగానే ఉంది, తడపకపోతే ఇప్పుడు అవసరం లేదు, మందు వాడి చూస్తాం, అన్నాడు.

"అయితే అవసరం లేదు. పరుపు తడిపింది నేను. మూడుసార్లూ నేనే" అన్నాను.

అబ్బాయి నా భుజం మీద చెయ్యి వేశాడు. డాక్టరుతో, మా అమ్మ జన్మలో అబద్ధం ఆడదండీ, ఇది మనవరాలి మీద ప్రేమకొద్దీ అంటున్న మాట, అన్నాడు. నా వైపు తిరిగి, దాన్ని తప్పించడానికి నువ్వు ఇలాంటివి మీదేసుకోనక్కర్లేదమ్మా, అన్నాడు.

నిజం చెబితే నమ్మకపోవచ్చని నేను ఎన్నడూ అనుకోలేదు. నిరూపణ ఎలాగో తోచలేదు. చీర కుచ్చిళ్ళ దగ్గర తడి ఉంది, అది చూపించాలా అని ఆలోచిస్తున్నాను.

బొంగరం దిండు కింద నుంచి పుస్తకం తీసింది. "ఇందులో రాశా" అంది.

కోడలు పేజీలు తిప్పింది. మే 6. మూడు గంటలు, 40 డిగ్రీలు. వ్యాఖ్య గడిలో ఒకే గీత. కింద అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి, నేను నేర్పినట్టే. కోడలు పైకి చదివింది.

‘పరుపు తడి. నానమ్మ వైపు ఎక్కువ. నా చెడ్డీ పొడి.’

గీత పక్కన ఎర్ర సిరాతో నా పొడి సంతకం.

అబ్బాయి నా భుజం మీద నుంచి చెయ్యి తీశాడు. డాక్టరు కేసు కాగితంలో ఏదో కొట్టేసి, పరీక్ష వద్దని నర్సుకు చెప్పి వెళ్ళిపోయాడు. కోడలు పుస్తకం మూసి పిల్ల చేతికిచ్చింది. చాలాసేపు దుప్పటి సర్దింది. తర్వాత నా ముఖం చూడకుండా అంది:

"నీళ్ళు కూడా మీరే కొలిచి పోశారు కదత్తయ్యా."

అవును, అన్నాను.

మే 24, శనివారం

ఇంటికి తెచ్చారు. బొంగరం మంచం వాళ్ళ గదిలోకి మారింది. కొలజాడీ కడిగి, బోర్లించి నా బల్ల మీద పెట్టి ఉంది. ఎవరు పెట్టారో అడగలేదు.

కోడలు వంట చేసింది, నాకు వడ్డించింది, మాట్లాడలేదు. అబ్బాయి పగటి డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉన్నాడు. పిల్లను నా దగ్గర వదలడానికి భయపడుతున్నారు. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ వదలను.

సాయంత్రం బొంగరం తనంతట తనే వచ్చి గుమ్మంలో నిలబడింది. పదహారో తారీఖున నేనే అని ఎందుకు చెప్పావని అడిగాను. నన్ను కాపాడటానికి అంటుందని అనుకున్నాను. అలా అని ఉంటే కొంత తేలికగా ఉండేది.

"నువ్వు చెప్తావని రెండుసార్లు చూశా. నువ్వు చెప్పలేదు. నువ్వేమో అబద్ధం ఆడవు. అందుకని నేనే అయ్యుంటా, నాకు తెలీలేదేమో అనుకున్నా" అంది.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని వేల మంది పిల్లలకు చూసిందే రాయమని చెప్పానో లెక్క ఉంది. తను చూసినదాన్ని నమ్మకుండా చేసింది ఒక్క పిల్లనే.

మే 26, సోమవారం

కొత్త చార్టు నింపి తీసుకెళ్ళాను. మూడు రోజులకు పదిహేడు. పాతది కూడా దాని కింద పెట్టి నర్సుకు ఇచ్చాను. పైది నిజం, కిందిది నేను కల్పించింది, అని చెప్పాను.

ఆమె రెండూ చదివింది. "మొదటిసారి ఇలాంటివి చాలామంది ఇస్తారు టీచర్. అందుకే మేం స్కానింగు అడుగుతాం. మీరిస్తారని మాత్రం అనుకోలేదు" అంది. ఆ తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని బల్ల ఎక్కించింది. వందసార్లు రాసిన చెయ్యి.

లోపల పరీక్షకు నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలే. గర్భసంచి జారి మూత్రసంచి దారిని మడతపెట్టేసింది, అందువల్ల సంచి ఎప్పుడూ ఖాళీ కావడం లేదు, నిండి పొర్లుతోంది, అంది డాక్టరు. వెళ్ళి వచ్చాక స్కానింగులో మిగిలింది 310 మి.లీ. ఎడమ కిడ్నీ కొంత ఉబ్బింది. మే 8న చెప్పి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేసింది. మిగతాది నాకు అర్థమైంది. బిగబట్టే వ్యాయామం మానేయమంది. నేను ఇచ్చిన లెక్కకు ఆమె చెప్పిన వైద్యం సరైనదే. ఆ లెక్కలో ఉన్న మనిషి నేను కాదు, అంతే.

గర్భసంచిని పైకి ఎత్తి నిలపడానికి రబ్బరు రింగు పెట్టారు. నొప్పి ఉంది. కాసేపు బయట కూర్చుని మూత్రానికి వెళ్తే, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకేసారి 200 వచ్చింది. సంతోషించడానికి మనసు ఒప్పలేదు.

మే 28, బుధవారం

బజారు నుంచి వచ్చేసరికి నా మంచం మీద రబ్బరు షీటు పరిచి ఉంది. బొంగరానికి కొన్నదే. నాలుగు మూలలా దూర్చి, పైన ఉతికిన దుప్పటి వేసి ఉంది. కోడలు వంటగదిలో ఉంది. షీటు వేసింది నువ్వేనా అని అడిగాను. అవును, అంది. కడిగి ఆరేస్తే చాలు, చీరలు చింపక్కర్లేదు, అంది. మే 23 తర్వాత నాతో ఆడిన మొదటి మాట అది. మృదువుగా ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

మూడింటికి బొంగరం బాల్కనీలోకి వెళ్ళింది. చాలాసేపు థర్మామీటరు ముందు నిలబడింది. కలం తీయలేదు. లోపలికి వచ్చి, "ముప్పై తొమ్మిదిలా ఉంది. నువ్వొచ్చి చూసి చెప్పు నానమ్మా" అంది.

ఇక జరగవలసినవి:

1. జూన్ 2, సోమవారం స్కానింగు. మిగులు 100 మి.లీ. లోపుకు రాకపోతే గొట్టం వేసుకుని ఖాళీ చేసుకోవడం నర్సు దగ్గర నేర్చుకోవాలి. రింగు నిలవకపోతే ఆపరేషన్. వాయిదా అడగకూడదు.

2. చార్టు రోజూ నింపాలి. సాయంత్రం కోడలు అడగకపోయినా ఆమె ముందు పెట్టాలి.

3. పిల్ల పక్క తడుపుతోందని విన్నవాళ్ళు: షాపు యజమానురాలు, పై అంతస్తు ఆవిడ, అబ్బాయి స్నేహితులు ఇద్దరు. ఒక్కొక్కరి దగ్గరికీ నేనే వెళ్ళి, తడిపింది నేనని చెప్పాలి. ఫోనులో కాదు.

4. బొంగరం చేతికి అందే ఎత్తులో నీళ్ళ సీసా. అది ఎంత తాగిందో నేను రాయకూడదు.

5. గోడ వైపు శిక్ష ఒక పూట బాకీ ఉంది. నేను కూర్చోవాలి. అందరూ ఇంట్లో ఉండగా.

6. పరిశీలన పుస్తకం, మే 6: గీత పక్కన ఎర్ర సిరాతో ‘కొట్టివేత తప్పు, పరిశీలన సరైనది’ అని రాసి, తేదీ వేసి, ఈసారి పూర్తి సంతకం పెట్టాలి. బొంగరం చూస్తుండగా.

7. థర్మామీటరు నేను చూడకూడదు. ఈ రోజు చూడలేదు. నువ్వు చూసింది రాయి అన్నాను. అది కలం పట్టుకుని నా ముఖం వైపు చూస్తూ నిలబడింది. గడి ఇంకా ఖాళీగా ఉంది. రేపూ ఖాళీగా ఉంటే ఉండనివ్వాలి. ఎల్లుండి కూడా. అది తన కంటితో చూసి, నన్ను అడగకుండా ఒక అంకె వేసేదాకా నేను బాల్కనీ గుమ్మం దాటకూడదు.